నాలుగు గళ్ళు

మూడు గళ్ళు. ఆధారం: అసత్యం.
లై కావచ్చు, ఫిబ్ కావచ్చు.
ఎనిడ్ హెప్‌వర్త్ పెన్సిల్ మొన నాలిక్కి తాకించి
కిటికీలోంచి వాన చూస్తోంది.
రెండింటికీ గళ్ళు మూడే.
బరువే వేరు.

ఫిబ్ అంటే పాలపళ్ళ మాట.
జామ్ సీసా తనంతట తనే ఖాళీ అయిందంటుంది.
లైకి జ్ఞానదంతం కూడా వచ్చేసింది,
కుర్చీ లాక్కుని, మన కళ్ళలోకి చూస్తూ కూర్చుంటుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు షెఫీల్డ్ కోర్టులో
పరాయి మాటల్ని పొట్టిగీతల్లో పట్టిన వేళ్ళు ఆమెవి.
పెర్జురీ అన్నచోట గీత కొక్కెంలా వంగేది.
ప్రమాణం చేసి ఆడితేనే పెర్జురీ,
గుమ్మంలో నిలబడి ఆడితే ఉత్త అబద్ధం.
ఆ కాస్త తేడా మీద
ఒకడు రెండేళ్ళు జైలుకెళ్ళడం,
ఇంకొకడు ఇంటికెళ్ళి టీ తాగడం ఆమె చూసింది.
ఇన్ఫిడెలిటీ అనేవారు లాయర్లు,
చీటింగ్ అని ఏడ్చేవారు పెళ్ళాలు.
మొదటిదానికి ఇస్త్రీ చేసిన కాలరుండేది.
ట్రెజన్ రాజ్యానికి, బిట్రేయల్ స్నేహానికి.
ఒకటి ఒకప్పుడు ఉరితాడు అడిగేది,
రెండోది ఏమీ అడగదు,
నిన్ను చూసి వీధి దాటేస్తుంది.

కానీ హాథర్‌షాలో, ఆ బొగ్గు ఊళ్ళో,
అన్నిటికీ కలిపి ఒకటే మాట.

సమ్మె పదకొండో నెల.
పిల్లాడి బూట్లలో అట్టముక్కలు పెట్టిన వారం.
తమ్ముడు క్లిఫర్డ్
చేపలకి వెళ్తున్నానని పెళ్ళాంతో చెప్పి
(జనవరిలో చేపలేమిటి!
పాపం, గాలం కూడా పట్టుకెళ్ళాడు)
అద్దాలకు ఇనుపవల బిగించిన బస్సెక్కాడు.
మర్నాడు తెల్లారేసరికి అతని తలుపు మీద
తెల్లరంగు, మూరెడేసి అక్షరాలు:
స్కాబ్.

పుండు మీద కట్టే పక్కు.
అంత చిన్న మాట, ఒళ్ళు తనకు తాను వేసుకునే కట్టు,
ఎవరు, ఎప్పుడు, తిట్టుగా మార్చారో.

పోలీసు వచ్చి అడిగాడు,
రాత్రి మీ ఆయన ఎక్కడున్నాడమ్మా?
నా పక్కనే, అంది ఎనిడ్. నిద్రపోతూ.
స్టాన్లీ గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లగానే ఉంది.
ప్రమాణం లేదు. పెర్జురీ కాదు.
మొగుడి వైపు నుంచి చదివితే లాయల్టీ.
అదే వాక్యం రెండు వీధుల అవతల నుంచి చదివితే
ఏ మాట అవుతుందో, దానికెన్ని గళ్ళో
ఆమె ఇంతవరకూ లెక్కపెట్టలేదు.

స్టాన్లీని ఊపిరితిత్తుల్లోని దుమ్ము తీసుకుపోయింది.
గని మూసి మట్టి పోసి గడ్డి వేశారు.
గొర్రెలు మేస్తాయి, ఎవరి పక్షమూ కాకుండా.
అక్కాతమ్ముడూ ఒకే పేపరు కొంటారు,
వేరువేరు వేళల్లో.
కొట్టావిడ బల్జిందర్‌కి తెలుసు,
చిల్లర లెక్కపెట్టి ఊరుకుంటుంది.

పదిహేడు అడ్డం:
గాయం మీద ఎండిన పెచ్చు. నాలుగు గళ్ళు.

పేపరు ఎంత అమాయకంగా అడిగింది.
పెన్సిల్ కాసేపు గాల్లోనే ఆగిపోయింది.
వాన వెలిసింది. ఎనిడ్ కోటు వేసుకుంది.

క్లిఫర్డ్ తలుపుకి ఇప్పుడు ఆకుపచ్చ,
దానికింద నీలం, దానికింద గోధుమరంగు.
అయినా ఏటవాలు ఎండ పడితే
లోపలి అక్షరాలు ఉబ్బి కనిపిస్తాయి.

గొలుసు వేసే ఉంచి, బెత్తెడు తెరిచాడు.
"పదిహేడు అడ్డం రావడం లేదురా," అంది.
డెబ్భై తొమ్మిదేళ్ళ నోట
పాలపళ్ళ మాట.

అతను ఆమె చేతిలోని పెన్సిల్‌ని
చాలాసేపు చూశాడు.
"మొదటి అక్షరం?"
"ఎస్."

తలుపు మూసుకుంది.
లోపల గొలుసు చప్పుడు.
తీస్తున్నాడో, గడియ కూడా బిగిస్తున్నాడో,
ఎనిడ్‌కి ఈ మధ్య సరిగా వినపడదు.